శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఆంగ్లేయుల నాటి జిల్లా కోర్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత దావా కాగితాలు వెతికేవారికి, ఊరి చరిత్ర రాసుకొనేవారికి, తాతల కాలపు డిక్రీ చేతిలో పట్టుకొని అది ఏ కోర్టు ఇచ్చిందో తేల్చుకోలేనివారికి పనికివచ్చేలా ఈ ప్రశ్నలను, జవాబులను కూర్చాము. ఉత్తరాంధ్రలో కోర్టుల చరిత్ర చిక్కుగా కనిపించడానికి కారణం ఉంది. జడ్జి కూర్చున్న ఊరు మారుతూ వచ్చింది, జిల్లాల ఎల్లలు మారాయి, పక్కపక్క గ్రామాలు కూడా భూమి రకాన్ని బట్టి వేర్వేరు అధికారుల కిందికి వెళ్లాయి. అందువల్ల ఏ కాగితం విషయంలోనైనా అది ఏ సంవత్సరానిది, ఆ భూమి జమీందారీదా, సర్కారుదా, ఏజెన్సీదా అన్న రెండు సంగతులు ముందుగా తెలుసుకోవాలి.

ప్రశ్న: ఈస్టిండియా కంపెనీ కోర్టులు రాకముందు ఈ ప్రాంతంలో తగవులు ఎవరు తీర్చేవారు?

ఐదు ఉత్తర సర్కారులలో శ్రీకాకుళం సర్కారు ఒకటి. నిజాం తరఫున శ్రీకాకుళంలో ఫౌజుదారు (సైనిక, పాలనాధికారి) ఉండేవాడు. తరువాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ కూడా ఒకప్పుడు ఇక్కడ ఫౌజుదారుగా పనిచేసినవాడే. పట్టణంలో ఖాజీ, పల్లెలో పెద్దమనుషుల పంచాయతీ, సంస్థానాల్లో జమీందారు కచేరీ తగవులు తీర్చేవి. 1765లో మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానా, 1766లో నిజాముతో కుదిరిన ఒడంబడిక కారణంగా సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. అయితే తరువాతి మూడు దశాబ్దాలలో కంపెనీకి శిస్తు మీద ఉన్న శ్రద్ధ న్యాయపాలన మీద లేదనే చెప్పాలి. విశాఖపట్నంలో ‘చీఫ్’ అనే అధికారి, ఆయన కౌన్సిలు వ్యవహారాలు చూసేవారు. 1794లో ఆ ఏర్పాటును తొలగించి కలెక్టర్లను నియమించారు. అదే సంవత్సరం జులై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం పూసపాటి విజయరామరాజు మరణించడంతో, కంపెనీని ఎదిరించగల పెద్ద సంస్థానం ఈ ప్రాంతంలో మిగల్లేదు. ఇక్కడ కోర్టులు స్థిరపడటానికి రాజకీయంగా దారి తీసిన సంఘటన ఇదేనని మా అభిప్రాయం.

ప్రశ్న: మొదటి జిల్లా కోర్టులు ఎప్పుడు, ఎందుకు వచ్చాయి?

1802లో మద్రాసు ప్రభుత్వం వరుసగా రెగ్యులేషన్లు (చట్టాలు) చేసింది. వాటిలో ఇరవై ఐదవది శాశ్వత శిస్తు పద్ధతికి సంబంధించినది, రెండవది జిల్లా అదాలత్తులకు (కోర్టులకు) సంబంధించినది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. జమీందారు సర్కారుకు ఏటా చెల్లించాల్సిన పేష్కషును (శిస్తును) శాశ్వతంగా నిర్ణయించి భూమిపై హక్కు ఇస్తున్నామని చెప్పినప్పుడు, ఆ హక్కును నిలబెట్టడానికి శిస్తు వసూలు చేసే కలెక్టరు కాక మరొక అధికారి ఉండాలి. బెంగాలులో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఇదే వాదనతో కోర్టులు పెట్టాడు, మద్రాసు దాన్ని అనుసరించింది. విజయనగరం జమీందారీకి పేష్కషు సుమారు 5 లక్షల రూపాయలుగా నిర్ణయమైంది. జమీందారు లేని హవేలీ భూములను ముఠాలుగా (చిన్న ఎస్టేట్లుగా) విడదీసి వేలం వేశారు. ఆ ముఠాలు కొన్నవారిలో చాలామంది పేష్కషు కట్టలేకపోవడంతో అవి మళ్లీ వేలానికి వచ్చాయి. తొలి జడ్జీల ముందుకు వచ్చిన భూమి తగాదాలకు ఇది ఒక ముఖ్యమైన మూలం.

1802 నాటి జిల్లా జడ్జికి సివిల్ దావాల విచారణతో పాటు మేజిస్ట్రేటు అధికారం, పోలీసు మీద అజమాయిషీ కూడా ఉండేవి. 1816లో ఆ రెండింటినీ ఆయన నుంచి తీసి కలెక్టరుకు అప్పగించారు. కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు అన్న ఏర్పాటు అప్పుడు మొదలై ఆంగ్లేయుల పాలన చివరిదాకా సాగింది.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒకప్పుడు జిల్లా జడ్జి ఉండేవారన్న మాట నిజమేనా?

నిజమే. పందొమ్మిదో శతాబ్దం నడిమి, మద్రాసులోని కంపెనీ పైకోర్టైన సదర్ అదాలత్ తీర్పుల్లో జిల్లాల పేర్ల మధ్య ‘చికాకోల్’ అనే పేరు కనిపిస్తుంది. అది శ్రీకాకుళమే. ఆనాటి జడ్జి పరిధికీ ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ఎల్లలకూ సంబంధం లేదు. అప్పట్లో శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలోది. 1815 ప్రాంతంలో గంజాం పట్టణం విషజ్వరాలతో పాడుబడ్డాక అధికారులు అక్కడి నుంచి తరలిపోయారు. కాలక్రమంలో కలెక్టరు కచేరీ ఛత్రపురంలోనూ, జడ్జి కోర్టు బరంపురంలోనూ స్థిరపడ్డాయి. జిల్లా కోర్టు వెళ్లిపోయాక శ్రీకాకుళానికి మున్సిఫు కోర్టు మిగిలింది.

విజయనగరం సంగతి వేరు. అది మొదటి నుంచీ విశాఖపట్నం జిల్లాలోది కనుక, 1839 తరువాత కొన్నేళ్లు ఏజెన్సీ పరిధిలో ఉన్న కాలం తప్ప, అక్కడి దావాల అప్పీళ్లు విశాఖపట్నం జిల్లా కోర్టుకు వెళ్లేవి. పట్టణంలో జిల్లా మున్సిఫు కోర్టు ఉండేది. సంస్థానం ఎంత గొప్పదైనా జిల్లా జడ్జి మాత్రం విశాఖపట్నంలోనే ఉండేవాడు.

ప్రశ్న: మా పాత కాగితంలో మచిలీపట్నం ప్రొవిన్షియల్ కోర్టు ప్రస్తావన ఉంది. గంజాం దావా అంత దూరం ఎందుకు వెళ్లింది?

1802 ఏర్పాటు ప్రకారం జిల్లా కోర్టు తీర్పు మీద అప్పీలు ప్రొవిన్షియల్ కోర్టుకు, దాని మీద మద్రాసులోని సదర్ అదాలత్‌కు వెళ్లేది. మద్రాసు రాజధానిలోని (ప్రెసిడెన్సీలోని) నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులలో ఉత్తర విభాగానికి చెందినది మచిలీపట్నంలో ఉండేది. ఆ కోర్టు జడ్జీలే సర్క్యూట్ కోర్టుగా జిల్లాలు తిరిగి ఘోరమైన నేరాలు విచారించేవారు. రైలు లేని ఆ రోజుల్లో ఇచ్ఛాపురం రైతు మచిలీపట్నం వరకూ అప్పీలు నడపాలంటే ఆస్తిలో కొంత భాగం దారి ఖర్చులకే పోయేది. సాక్షులు సర్క్యూట్ జడ్జి రాక కోసం, ముద్దాయిలు ఖైదులో నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1843లో చేసిన ఏడవ చట్టం ఈ ప్రొవిన్షియల్ కోర్టులను తీసివేసి, జిల్లా జడ్జికే సివిల్, సెషన్స్ అధికారాలు రెండూ ఇచ్చింది. మీ కాగితంలో మచిలీపట్నం పేరు ఉందంటే అది 1843కు ముందుదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు.

ప్రశ్న: గ్రామ మునసబు, జిల్లా మున్సిఫు ఒకరేనా?

కాదు. థామస్ మన్రో సూచనలతో 1816లో వచ్చిన రెగ్యులేషన్లలో ఈ రెండు పదవులూ విడివిడిగా ఏర్పడ్డాయి. గ్రామ మునసబు ఊరి పెద్ద. 10 రూపాయల లోపు చిన్న బాకీల తగవులు వినే అధికారం ఆయనకు ఇచ్చారు, 1889 నాటి గ్రామ కోర్టుల చట్టం దాన్ని 20 రూపాయలకు పెంచింది. శిస్తు వసూలు, ఊరి పోలీసు పని కూడా ఆయనవే కావడంతో చాలా పల్లెల్లో జనానికి తెలిసిన ‘సర్కారు’ అంటే మునసబూ, కరణమే.

జిల్లా మున్సిఫు జీతం తీసుకొనే న్యాయాధికారి. ఆయన పరిధి 1816లో 200 రూపాయల దావాలతో మొదలై, 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం నాటికి 2,500 రూపాయలకు చేరింది. శ్రీకాకుళం, సోంపేట, విజయనగరం, పార్వతీపురం, రాజాం వంటి చోట్ల మున్సిఫు కోర్టులు నడిచాయి. జిల్లా జడ్జి పదవి సివిల్ సర్వీసు దొరలకు దాదాపు పరిమితమై ఉన్న రోజుల్లో మున్సిఫు పదవిలో మనవారే కూర్చున్నారు. ఈ ప్రాంతంలోని సివిల్ దావాలలో అత్యధిక భాగం వినవలసి వచ్చినది వారే. అయినా గెజిటీర్లలో జడ్జి గురించి పేజీలు ఉంటే మున్సిఫు గురించి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి.

ప్రశ్న: 1839 నాటి ఇరవై నాలుగవ చట్టం అంటే ఏమిటి? దానికి ఎందుకంత ప్రాధాన్యం?

ఈ ప్రాంతపు న్యాయచరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన చట్టం మరొకటి లేదని చెప్పవచ్చు. 1830 దశకం మొదట్లో పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతాల్లోనూ విశాఖపట్నం జిల్లాలోనూ తిరుగుబాట్లు రేగాయి. మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. సైన్యం దిగింది, సైనిక శాసనం ప్రకటించారు, పాలకొండ జమీందారీని సర్కారు జప్తు చేసింది. రస్సెల్ విచారించి తేల్చిన విషయాలలో ఒకటి కోర్టులకు ఇబ్బందికరమైనది. కొండసీమల జమీందార్ల మీద, ముఠాదార్ల (కొండ గ్రామాల ముఠాల పెద్దల) మీద కోర్టు డిక్రీలు, అమీనాల (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగుల) జప్తులు, వేలాలు అమలు చేయబోవడమే అశాంతికి ఒక కారణమని ఆయన భావించాడు. తరతరాలుగా ఒక కొండసీమను ఏలిన కుటుంబం మైదానపు సాహుకారుకు బాకీపడి, ఆ బాకీ కోసం దాని భూమిని కోర్టు వేలం వేస్తే, కింద ఉన్న జనం ఆ వేలాన్ని అంగీకరించరు.

దీని ఫలితంగానే 1839 చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో పేర్కొన్న ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, అక్కడి సివిల్, క్రిమినల్ న్యాయపాలనను గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించారు. ‘ఏజెన్సీ’ అన్న పేరు ఈ ఏర్పాటు నుంచే వచ్చింది. శిస్తు వసూలు చేసే అధికారి చేతిలో న్యాయం ఉండకూడదని 1802లో చెప్పిన ప్రభుత్వమే, నలభై ఏళ్లయినా గడవక ముందే ఈ రెండు జిల్లాల పెద్ద భాగంలో ఆ రెండింటినీ ఒకే వ్యక్తి చేతిలో పెట్టింది.

ఏజెన్సీ అంటే కొండలే అనుకోవడం పొరపాటు. తొలి దశలో విజయనగరం, బొబ్బిలి వంటి మైదానపు జమీందారీలు కూడా ఆ పరిధిలోకి వెళ్లాయి. 1860 దశకంలో వాటిని తిరిగి మామూలు కోర్టుల కిందికి తెచ్చారు. కనుక 1850 నాటి బొబ్బిలి దావా కాగితం జిల్లా కోర్టు రికార్డులో దొరకకపోతే ఆశ్చర్యపోనవసరం లేదు, ఏజెంటు కచేరీ కాగితాల్లో వెతకాలి. కొండసీమల్లో ఈ ఏర్పాటు ఆ తరువాత కూడా కొనసాగింది. 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం దాన్ని నిలిపింది, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా అక్కడ పూర్తిగా వర్తించలేదు. 1917లో మద్రాసు శాసనం ఒకటి గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఏజెంటు అనుమతి తప్పనిసరి చేసి, వడ్డీని నూటికి ఏడాదికి 24 రూపాయలకు మించకుండా కట్టడి చేసింది. మామూలు కోర్టుల నుంచి తప్పించడం వల్ల కొండవారికి రక్షణ కలిగిందా, నష్టం జరిగిందా అని అడిగేవారికి మా జవాబు: వేలం బెడద కొంత తగ్గింది, అధికారి మీద ఫిర్యాదు చేసుకోవడానికి మరో అధికారి దగ్గర్లో లేకుండా పోయాడు.

ప్రశ్న: క్రిమినల్ కేసుల్లో ఏ చట్టం వర్తించేది?

1862 దాకా కంపెనీ సవరణలతో కూడిన ముస్లిం నేరశాస్త్రం. కోర్టుకు అనుబంధంగా ఖాజీ, ముఫ్తీ ఉండి ఫత్వా ఇచ్చేవారు. అంగచ్ఛేదం వంటి శిక్షలను రెగ్యులేషన్లు ఖైదుగా మార్చివేశాయి. వాది, ముద్దాయి ఇద్దరూ హిందువులైన శ్రీకాకుళం కేసులో కూడా ఫత్వా ఉండటం ఇప్పటి పాఠకులకు వింతగా తోస్తుంది, ఆనాటి పద్ధతి అదే. 1862 జనవరి 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ అమలులోకి వచ్చింది, ఖాజీలూ పండితులూ కోర్టు కొలువు నుంచి 1864 నాటికి తొలగిపోయారు.

సెషన్స్ విచారణలో జడ్జి పక్కన అసెసర్లు కూర్చొనేవారు. ఊళ్లోని గౌరవనీయులను పిలిపించి అభిప్రాయం అడిగేవారు, ఆ అభిప్రాయానికి జడ్జి కట్టుబడనక్కరలేదు. మరణశిక్ష వేస్తే పైకోర్టు ధ్రువీకరించాలి.

ప్రశ్న: 1862, 1873 సంవత్సరాల్లో ఏం మారింది?

1862 ఆగస్టు 15న మద్రాసు హైకోర్టు ప్రారంభమైంది. కంపెనీ సదర్ అదాలత్, రాజు పేర నడిచే సుప్రీంకోర్టు అందులో కలిసిపోయాయి. 1859 నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఉంది కనుక శ్రీకాకుళం మున్సిఫు, లాహోరు మున్సిఫు ఇంచుమించు ఒకే పద్ధతిలో దావా నడపవలసి వచ్చింది. 1873 చట్టం సివిల్ జడ్జిని ‘డిస్ట్రిక్ట్ జడ్జి’గా స్థిరపరచి, ఆయన కింద సబార్డినేట్ జడ్జి, జిల్లా మున్సిఫు అన్న మెట్లు ఏర్పరచింది. సబ్ జడ్జి తీర్పు మీద 5,000 రూపాయల దాకా దావాల అప్పీలు జిల్లా కోర్టుకు, అంతకు మించినవి నేరుగా హైకోర్టుకు. పాత కాగితంలో ‘ప్రిన్సిపల్ సదర్ అమీను’ అని ఉంటే అది సబ్ జడ్జికి పూర్వరూపం.

ప్రశ్న: జమీందారుకూ రైతుకూ మధ్య తగాదా జిల్లా కోర్టుకు వెళ్లేదా?

కొంత వెళ్లేది, కొంత వెళ్లేది కాదు. విజయనగరం, బొబ్బిలి, కురుపాం, సాలూరు, పర్లాకిమిడి వంటి జమీందారీలే అధికంగా ఉన్న ప్రాంతం కనుక ఇది ఇక్కడివారికి పుస్తకాల్లోని ప్రశ్న కాదు. 1802 నుంచే జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలని, రైతు ముచ్చిలిక (పట్టా షరతులకు ఒప్పుకొంటూ రాసిన పత్రం) రాసివ్వాలని నియమం ఉంది. 1822లో కలెక్టరుకు సత్వర విచారణ అధికారం ఇచ్చారు, 1865 నాటి ఎనిమిదవ చట్టం ఆ పద్ధతిని క్రమబద్ధం చేసింది. పట్టాలో రాసిన శిస్తు సరైనదా, పంట జప్తు న్యాయమా వంటివి కలెక్టరు ముందు నడిచేవి. రైతును భూమి నుంచి ఖాళీ చేయించవచ్చా, ఆ భూమి రైతుదా జమీందారుదా అన్న హక్కు ప్రశ్న సివిల్ కోర్టుకు పోయేది.

ఈ రెండు దారుల మధ్య నలిగినవాడు రైతు. ఎందుకంటే జమీందారుకు ఎస్టేటు వకీలు, గుమాస్తాలు, దస్తరం ఉండేవి, రైతు చేతిలో చాలాసార్లు ముచ్చిలిక నకలు కూడా ఉండేది కాదు. కోర్టు ఫీజు లెక్క కూడా సమంగా లేదు. 1870 చట్టం ప్రకారం వెయ్యి రూపాయల దావాకు 75 రూపాయల స్టాంపు కట్టాలి, ఎంత పెద్ద దావాకైనా ఫీజు 3,000 రూపాయలకు మించదు. లక్షల ఆస్తి కోసం పోట్లాడే జమీందారు తన దావా విలువలో చెల్లించే పాలు, నాలుగు ఎకరాల రైతు చెల్లించే పాలులో ఏ కొద్దిపాటిదో అవుతుంది. దరిద్రుడినని రుజువు చేసుకొని ఫీజు లేకుండా పాపర్ దావా వేసే వీలు ఉండేది, ఆ రుజువు చేసుకోవడమే ఒక చిన్న దావా.

1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టంతో పరిస్థితి మారింది. జమీందారీ రైతుకు సాగు హక్కు స్పష్టమైంది, శిస్తు దావాలను రెవెన్యూ కోర్టులకే అప్పగించారు. కనుక 1908 తరువాతి శిస్తు తగాదా డిక్రీ కోసం సివిల్ కోర్టు రికార్డుల్లో వెతకడం సాధారణంగా వృథా ప్రయాస, డిప్యూటీ కలెక్టరు కచేరీ రికార్డుల దారి పట్టాలి.

ప్రశ్న: ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ కూడా జిల్లా కోర్టులో భాగమా?

కాదు, అది న్యాయస్థానమే కాదు. మైనరు జమీందార్ల ఎస్టేట్లను చూసుకొనే రెవెన్యూ ఏర్పాటు. మద్రాసు రాజధానిలో రెవెన్యూ బోర్డే ఆ పని చేసేది, జిల్లాలో దాని ప్రతినిధి కలెక్టరు.

ప్రశ్న: ఈ ప్రాంతం నుంచి లండను దాకా వెళ్లిన దావాలు ఉన్నాయా?

ఉన్నాయి. 10,000 రూపాయలకు తక్కువ కాని ఆస్తి తగాదా అయితే లండనులోని ఆఖరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీలు వీలయ్యేది కనుక జమీందారీ కుటుంబాల వారసత్వ దావాలకు ఆ దారి తెరిచే ఉండేది. గంజాంలోని చిన్నకిమిడి జమీందారీ విషయంలో భర్త మరణించాక భార్య చేసుకొన్న దత్తత మీద నడిచిన దావాను ప్రీవీ కౌన్సిల్ 1876లో తేల్చింది. హిందూ ధర్మశాస్త్ర గ్రంథాలలో దీనికి ‘బరంపురం కేసు’ అనే పేరు స్థిరపడింది. దక్షిణాదిలో విధవ దత్తతకు ఎవరి అనుమతి కావాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, 1868 నాటి రామనాథపురం కేసుతో పాటు దీన్ని ఉదాహరించేవారు. మద్రాసు హైకోర్టు తీర్పుల వరుస సంపుటాలు మొదలైన తొలినాళ్లలోనే ఈ ప్రాంతపు తగాదా వాటిలోకి ఎక్కింది.

ఒక జమీందారీ అన్నదమ్ముల మధ్య పంపకానికి వస్తుందా, పెద్దకొడుకుకే పోతుందా అన్నది మరో పెద్ద తగాదా. పెద్దకొడుకుకే చెందే ఎస్టేటును జమీందారు తన ఇష్టప్రకారం అన్యాక్రాంతం చేయవచ్చునని 1888లో ఉత్తరాది కేసొకదానిలో ప్రీవీ కౌన్సిల్ చెప్పడంతో, అప్పుల్లో కూరుకున్న సంస్థానాల వారసులు గాభరాపడ్డారు. మద్రాసు శాసనమండలి 1904లో చట్టం చేసి, పేర్కొన్న జమీందారీలకు ఆ స్వేచ్ఛను తగ్గించింది.

విజయనగరంలో 1897లో ఆనంద గజపతిరాజు మరణించాక సంస్థానపు దత్తత, వారసత్వాల చుట్టూ దావా ఏళ్ల తరబడి సాగింది. సంస్థానం కొలువులో ఉన్న గురజాడ అప్పారావు ఆ దావా పనుల్లో చాలా కాలం తలమునకలయ్యారు. సాహిత్యచరిత్రలో ఇది ఒక పక్క ప్రస్తావనగానే మిగిలిపోయింది. ఒక సంస్థానపు దావా అంటే దస్తావేజుల సేకరణ, తర్జుమాలు, సాక్షుల ఏర్పాటు, మద్రాసు వకీళ్లతో ఉత్తరాలు కలిసి ఒక కచేరీ అంతటి పని.

ప్రశ్న: కోర్టులో ఏ భాష నడిచేది? వకీళ్లు ఎవరు?

సాక్షులు తెలుగులో చెప్పేవారు, గంజాం ఉత్తర భాగంలో ఒడియాలో కూడా. వాంగ్మూలం ఆ భాషలోనే రాసుకొని, జడ్జి తన కోసం ఇంగ్లీషులో టిప్పణి రాసుకొనేవాడు. అప్పీలు పైకి వెళ్లినప్పుడు దస్తావేజులన్నింటినీ ఇంగ్లీషులోకి తర్జుమా చేయించవలసి వచ్చేది, ఆ ఖర్చు కక్షిదారుడిదే. పాత తెలుగు దస్తావేజుల గొలుసుకట్టు రాత చదవగలిగిన సిరస్తాదారు (కచేరీ పెద్ద గుమాస్తా) మాట మీద దొర జడ్జి ఎంతగా ఆధారపడి ఉంటాడో ఊహించవచ్చు.

వకీళ్లకు 1802 నుంచే సనదులు (అనుమతి పత్రాలు) ఇచ్చే పద్ధతి ఉంది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ప్లీడర్లను, ముఖ్తార్లను (కింది తరగతి న్యాయ ఏజెంట్లను) కట్టుదిట్టం చేసింది. జిల్లా కోర్టు ఉన్న బరంపురంలో తెలుగు వకీళ్ల బలగం బాగా పెరిగింది. తరువాత రాష్ట్రపతి అయిన వి. వి. గిరి 1894లో బరంపురంలో పుట్టారు, ఆయన తండ్రి జోగయ్య పంతులు అక్కడ వకీలే. 1890 దశకంలో తూర్పుతీరపు రైలుమార్గం వేశాక శ్రీకాకుళం కక్షిదారులకు బరంపురం, విజయనగరం కక్షిదారులకు విశాఖపట్నం కొంత దగ్గరయ్యాయి.

ప్రశ్న: డిక్రీ వస్తే బాకీ వసూలైనట్టేనా?

డిక్రీ సగం పనే. అమలు దాఖలు వేయాలి, నాజరు (కోర్టు అమలు విభాగపు అధికారి) ద్వారా అమీనా వెళ్లి ఆస్తి జప్తు చేయాలి, దండోరా వేయించి వేలం జరపాలి. ఆస్తి లేకపోతే బాకీదారుణ్ణి సివిల్ జైలుకు పంపించవచ్చు, 1908 కోడ్ ప్రకారం 50 రూపాయలకు మించిన డిక్రీకి ఆరు నెలలు, అంతకు తక్కువైతే ఆరు వారాలు గరిష్ఠం. జైల్లో ఉన్నన్నాళ్లూ అతని బత్తెం డిక్రీదారే కట్టాలి కనుక ఈ బెదిరింపు వాడినంతగా జైలు వాడలేదు. సొమ్ము డిక్రీకి స్త్రీలను అరెస్టు చేయకూడదు. రైతు పనిముట్లు, కాడెద్దులు జప్తు నుంచి మినహాయింపు. 1938లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం పాత డిక్రీ మొత్తాలను సైతం తగ్గించుకొనే వీలు ఇచ్చింది. 1930 దశకం చివరి ఎగ్జిక్యూషను పిటిషన్లలో ఆ చట్టం ప్రస్తావన విరివిగా ఎదురవుతుంది.

ప్రశ్న: 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక శ్రీకాకుళం దావాలు ఏమయ్యాయి?

1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా విడిపోయింది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాకు పోగా, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి ఎస్టేటు రెండు రాష్ట్రాల మధ్య చీలింది. నూరేళ్లుగా ఒకే జిల్లా కోర్టును ఆశ్రయించిన కక్షిదారులలో కొందరికి విశాఖపట్నం, మద్రాసు పైకోర్టులయ్యాయి. మిగిలినవారికి బరంపురం, దానిపైన పాట్నా హైకోర్టు. ఒరిస్సాకు సొంత హైకోర్టు 1948లో గానీ రాలేదు. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న, విజయనగరం 1979 జూన్ 1న జిల్లాలయ్యాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా విడివడింది. ఈ మూడు తేదీలూ ఇప్పటి కోర్టుల ఎల్లలు అర్థం చేసుకోవడానికి ఉపయోగపడతాయి గానీ ఆంగ్లేయుల నాటి కాగితానికి వాటితో పనిలేదు.

ప్రశ్న: మా కుటుంబపు పాత దావా కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

అన్నీ దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. 1917 నాటి రికార్డుల నిర్మూలన చట్టం కింద కోర్టులు గడువు తీరిన కాగితాలను తగలబెట్టవచ్చు. వాంగ్మూలాలు, పిటిషన్లు ముందు పోతాయి, తీర్పు, డిక్రీ, దావా రిజిస్టరు ఎక్కువ కాలం నిలుస్తాయి. కాబట్టి ముందుగా దావా నంబరు, సంవత్సరం, కోర్టు పేరు సంపాదించండి. ఇవి పాత అమ్మకపు దస్తావేజుల్లో, వేలం సర్టిఫికెట్లలో తరచు కనిపిస్తాయి. స్థిరాస్తి లావాదేవీ 100 రూపాయలు, అంతకు మించినదైతే 1860 దశకం నుంచి రిజిస్ట్రేషను తప్పనిసరి కనుక సబ్ రిజిస్ట్రారు కచేరీలో నకలు అడగవచ్చు.

శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు 1936కు ముందు జిల్లా కోర్టు దావా అయితే బరంపురం సంగతి విచారించడం మరువకండి. విజయనగరం, బొబ్బిలి వైపైతే విశాఖపట్నం జిల్లా కోర్టు రికార్డు గది. సదర్ అదాలత్, రెవెన్యూ బోర్డు, ఏజెంటు ఉత్తర ప్రత్యుత్తరాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి, మద్రాసు రాజధాని రికార్డుల ప్రధాన భాగం అక్కడే ఉంది. హైకోర్టు దాకా వెళ్లిన దావా అయితే 1876 నుంచి అచ్చైన మద్రాసు తీర్పుల సంపుటాల్లో కక్షిదారుల పేర్ల పట్టిక చూడండి, అందులో ఊరి పేరు తప్పుగా అచ్చయి ఉండవచ్చు కనుక ‘చికాకోల్’, ‘విజియానగ్రాం’, ‘పార్వతీపూర్’ అన్న రూపాలతో కూడా వెతకండి.